నాలుగో వరుస తొట్టిలో నురగ

లాంచీకి ఇంకా 19 రోజులు

రంగు: లేత. వాసన: మామూలే. నురగ: ఉంది.

గట్టు మీద ఆఫీసు వాళ్ళు నురగకి ఇచ్చిన గడిలో ‘ఉంది’ అని రాసేసరికి గడి నిండిపోయింది. మిగతాది పేజీ వెనక రాస్తున్నాను. నా పేరు తవిటమ్మ. పదమూడో తెప్ప మీద పదహారేళ్ళుగా తొట్ల కావలి ఉద్యోగం నాది. ఇన్నేళ్ళలో నా పేజీ తిరగేసిన పాపాన ఎవరూ పోలేదు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తాను.

నడిసముద్రంలో తేలే ఊరు మాది. వాన పడితే పండగ. మిగతా రోజుల్లో మా ఒంట్లోంచి పోయినవే మళ్ళీ మా ఒంట్లోకి రావాలి. తిరుగునీళ్ళు అని మర్యాదగా అంటాం గానీ, ఉచ్చే. వరుసకి పదకొండు ఇళ్ళు. ఆ ఇళ్ళ తిరుగునీళ్ళన్నీ ఒక గొట్టంలో పడి నా తొట్టికి వస్తాయి. తొట్టిలోని వడపోత పొరలు అందులోంచి మంచినీళ్ళు పీల్చుకుంటాయి, చిక్కటి అడుగు నాకు మిగులుతుంది. పొద్దున్నే ఆ అడుగుని కర్రతో కలిపి చూడటం నా పని. కలిపితే నాలుగు బుడగలు లేచి చచ్చిపోవాలి. ఇవాళ నాలుగో వరుసలో రెండు వేళ్ళ మందం నురగ లేచింది. నేను వెళ్ళి టీ తాగి వచ్చినా అలాగే ఉంది.

సబ్బే అయి ఉంటుంది. ఎవరో గుడ్డలు ఉతికిన నీళ్ళు ఇందులో పోసి ఉంటారు. దొరకనీ, వాళ్ళ పని చెప్తాను.

18 రోజులు

సబ్బు కాదు. ఊరంతా తిట్టుకుంటూ తిరిగాక తెలిసింది.

సబ్బు నురగ మీద పులుపు పడితే విరిగిపోతుంది. నిమ్మ ఉప్పు కరిగించి చల్లాను. ఈ నురగ చలించలేదు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత సరదా పుట్టింది. నా సంగతి అంతే. అర్థం కానిది ఎదురైతే అన్నం సహించదు.

ఒక గాజు గ్లాసులో కాస్త అడుగు తీసి స్టవ్ మీద కాచాను. అది నేను టీ తాగే గ్లాసే, ఇక అందులో తాగనులెండి. పైసగం తెల్లగా మబ్బు కమ్మింది. సున్నపు పొక్కు అయి ఉంటుందనుకుని నిమ్మ ఉప్పు వేశాను. గొట్టాల్లో పట్టే సున్నపు పొక్కుని మేము నిమ్మ ఉప్పుతోనే కరిగిస్తాం. ఇది కరగలేదు. తెల్లసొన ఉడికినట్టు ఇంకా గట్టిపడింది.

గుడ్లు ఎవరూ తొట్టిలో పొయ్యరు. మా ఊళ్ళో కోళ్ళే లేవు.

17 రోజులు

గట్టు రేడియోలో డాక్టరమ్మ దొరికింది. ఇందీవర అని, నలభై రోజులకోసారి లాంచీలో వచ్చి చూసిపోయే మనిషి. మాట్లాడటానికి ఇచ్చేది అయిదు నిమిషాలు. అందులో రెండు నిమిషాలు గాలి హోరుకే పోతాయి.

చెప్పిందంతా విని ఆమె, కాస్తే గట్టిపడిందా అని మళ్ళీ అడిగింది. తర్వాత అంది: “అది ప్రొటీన్ తవిటమ్మగారూ. కిడ్నీ రక్తాన్ని వడకట్టేటప్పుడు ప్రొటీన్‌ని లోపలే ఉంచుకోవాలి. బయటికి వదిలేస్తోందంటే వడపోత చిరుగుతోందని. ఆ పదకొండు ఇళ్ళలో ఎవరికో కిడ్నీ దెబ్బతింటోంది.”

“అందరి గుమ్మానికీ పచ్చదీపమే కదమ్మా!”

“నాకూ అదే అంతుపట్టడం లేదు.”

పచ్చదీపం అంటే ఇది. ప్రతి ఇంటి గుమ్మం పక్కన ఛాతీ ఎత్తున ఒక అద్దపు గొట్టం ఉంటుంది. పొద్దున లేవగానే ఇంట్లో ఒక్కొక్కరూ పోసిన మొదటి తిరుగునీళ్ళు అందులోంచే దిగాలి. గట్టువాళ్ళ యంత్రం అక్కడ చదివి దీపం వెలిగిస్తుంది. పచ్చ అయితే బాగున్నట్టు, పసుపు అయితే మళ్ళీ పొయ్యమన్నట్టు, ఎరుపు అయితే లాంచీ ఎక్కమన్నట్టు. మాకు దీపం మీద దేవుడి మీద ఉన్నంత గురి.

“వచ్చేలోపు ఎవరో తేల్చి పెట్టండి,” అంది డాక్టరమ్మ. “ఎవరని తెలియకుండా నేను ఎవర్నీ తీసుకురాలేను. ఇంకో నలభై రోజులు ఆగుదామంటే, ఆ కిడ్నీ ఆగుతుందని చెప్పలేను.”

ఏమేం అడగాలో చెప్పింది. లేవగానే కళ్ళ కింద ఉబ్బుందా, పాదాలు వాస్తున్నాయా, ఎర్రగా పడుతోందా, మంట ఉందా, చలిజ్వరమా, నడుం పక్కనుంచి గజ్జల్లోకి నొప్పి దిగుతోందా. ఆరోది చెప్తుండగా రేడియో తెగిపోయింది.

15 రోజులు

పదకొండు ఇళ్ళూ తిరిగాను. నన్ను చూసి తలుపులు వేసుకున్నవాళ్ళు ఇద్దరు. పరాయి ఆడదాన్ని పట్టుకుని “ఎర్రగా పడతందా?” అని అడిగితే ఎవరు మాత్రం ఊరుకుంటారు!

అసిరయ్య తాత మాత్రం ముచ్చటగా చెప్పాడు. “నిలబడితే సుక్క సుక్కే తవిటీ. ఈలోగా ఒక వల అల్లీయొచ్చు. అయిపోయిందనుకుని పంచె దించితే మల్లీ మొదలు.”

“మరి ఎవులికీ సెప్పలేదేటి తాతా?”

“ఎందుకు సెప్పడం? దీపం పచ్చగానే ఉన్నాది కదా.”

మూడో ఇంటి నీలవేణికి పదిరోజులుగా మంట, వణుకుతూ జ్వరం. అదీ చెప్పలేదు. ఆవిడ దీపమూ పచ్చే. మళ్ళీ రేడియో పట్టుకుని డాక్టరమ్మకి చెప్పాను. తాతది ప్రోస్టేట్ గ్రంథి వాపట, ముసలి మగాళ్ళకి వచ్చేదే. నీలవేణిది మూత్రం దారిలో ఇన్‌ఫెక్షన్, మన కొట్టులో ఉన్న మందే వారం రోజులు వాడమంది. రెండూ మా నురగకి కారణం కావంది.

ఆ మాట పక్కనపెడితే నాకు వేరే గుబులు పట్టుకుంది. ఒకటి కాదు, రెండు జబ్బులు దీపానికి కనపడలేదు. అంటే దీపానికే చూపు సరిగ్గా లేదన్నమాట.

చివరి ఇల్లు మా తమ్ముడు జగ్గయ్యది. వాడి పెళ్ళాం దమయంతి గుమ్మంలో ఈతసూటు ఆరేస్తోంది. తెప్ప అడుక్కి దిగి, అంటుకున్న నాచునీ గుల్లల్నీ గీకే పని దానిది. దానంతసేపు నీళ్ళ కింద ఉండగలిగినవాళ్ళు ఊళ్ళో లేరు. దమయంతి తిరుగునీళ్ళు కూడా ఊళ్ళో పేరున్నవే. పొద్దున్నే జనం కావాలని అటుగా నడిచి అద్దం కేసి చూసి, ‘ముత్యం’ అనుకుంటూ పోతారు. కొత్త కోడళ్ళకి అత్తలు చూపించేదీ ఆ గొట్టాన్నే.

“నాకేటి వదినా, గుండ్రాయిలాగున్నాను. దీపం సూడు,” అంది నవ్వుతూ.

దాని దీపం పచ్చగా ఉంది. దాని అద్దం పక్కన నిలబడితే నాకు ఎప్పుడూ కాస్త కడుపు రగులుతుంది. అది మా ఇంటి కోడలై వచ్చిన ఆరేళ్ళ నుంచీ అంతే. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాశాను.

12 రోజులు

నురగ మూడు వేళ్ళు.

ఇవాళ నా పరువు పోయింది, ఒక నిజం దొరికింది. పోయిన దానికంటే దొరికిందే ఎక్కువ.

ఆలస్యంగా లేచాను. మా ఊళ్ళో ఎవరైనా లేవగానే ముందు రెండు చెంబుల నీళ్ళు తాగుతారు. ఓ గడియ ఆగి, అప్పుడు అద్దంలోకి పోస్తారు. నలుగురి నోట్లోకి పోయే నీళ్ళు కదా, పలుచగా తెల్లగా ఇవ్వడం మర్యాద. పిల్లలకి మాటలు వచ్చేలోపే ఈ మర్యాద వస్తుంది. ఇవాళ నాకు అంత తీరిక లేక, తాగకుండానే పోసేశాను. ముదురు టీ రంగులో దిగింది. దీపం పసుపు. ఎదురింటావిడ ముక్కున వేలేసుకుంది. దమయంతి అటు పోతూ ఆగి, “ఏటి వదినా, రాత్రి ఎండుచేపల కూరా?” అని ఆటపట్టించింది. నాకు తల కొట్టేసినట్టయింది.

లోపలికి పోయి రెండు కాదు, నాలుగు చెంబులు తాగాను. గంట ఆగి పోశాను. పచ్చ.

అప్పుడు అక్కడే చతికిలబడ్డాను. అదే నేను, అవే కిడ్నీలు. ఒక్క గంటలో పసుపు పోయి పచ్చ వచ్చింది. మధ్యలో జరిగిందల్లా నేను నీళ్ళు తాగడమే. ఉప్పు ఎక్కువైన చారులో నీళ్ళు కలిపినట్టు, మేమంతా రోజూ మా జబ్బుల్లో నీళ్ళు కలిపి దీపానికి చూపిస్తున్నాం! యంత్రం ఆ ఒక్క పలుచని చెంబే చూస్తుంది. నా తొట్టికి రోజంతటిదీ వస్తుంది, నీళ్ళు తీసేశాక మిగిలింది వస్తుంది. అందుకే తొట్టికి తెలిసింది దీపానికి తెలియలేదు.

ఇరవై ఏళ్ళ కింద ఈ యంత్రం పెట్టిన గట్టు ఇంజనీర్లు, లేవగానే వచ్చే ముదురు నీళ్ళని చదవమని దాన్ని తయారుచేశారట. మేము తాగి పోస్తామని వాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. మర్యాద గురించి ఎవరు మాత్రం చెప్పుకుంటారు?

11 రోజులు

నాలుగో వరుసని పోగేసి చెప్పాను. ఇవాళ పొద్దుగూకి అన్నం తిన్నాక ఎవరూ నీళ్ళు ముట్టకూడదు, రేపు లేవగానే తాగకుండా పోసి ఒక్కో సీసాలో నాకు ఇవ్వాలి.

గోల లేచిపోయింది. “ముదురుది పట్టుకెల్లి సీసాలో పెట్టి నలుగుర్లో సూపిత్తామా? సిగ్గు నేదేటి?” అని అసిరయ్య తాతే అరిచాడు. నిన్నటి నా టీ రంగు సంగతి ఎవరో వెనక నుంచి ఎత్తారు. జనం పగలబడి నవ్వారు.

“అవునర్రా, అది నాదే,” అన్నాను. “రేపు నా సీసానే ముందు పెడతాను. అందరికంటే నల్లగా. సాలా?”

ఎవరూ కదల్లేదు. అప్పుడు దమయంతి లేచి, “మా వదిన పిచ్చి మనకి తెలిసిందే కదా, ఒక్క పూట ఇచ్చేద్దురూ. ముందు నాను ఇత్తాను,” అంది. దానికేం భయం, ముత్యం కదా. అది ఒప్పుకున్నాక మిగతావాళ్ళు కాదనలేకపోయారు. దానిమీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది, రాసి పెడుతున్నాను.

10 రోజులు

బల్ల మీద నా సీసా, దాని పక్కన ఇంటికొకటి చొప్పున పదకొండు. జబ్బు పెద్దవాళ్ళదే అయి ఉంటుందని డాక్టరమ్మ అనడంతో ఇంట్లో నడివయసు దాటినవాళ్ళవీ, వాళ్ళు లేనిచోట నీళ్ళల్లో దిగి ఒళ్ళు హూనం చేసుకునేవాళ్ళవీ తీసుకున్నాను. పసుపు, ముదురు పసుపు, తేనె రంగు. జనం సిగ్గుతో మొహాలకి చేతులడ్డం పెట్టుకుని చూస్తున్నారు. ఒక్క సీసా మాత్రం మంచినీళ్ళలా ఉంది.

“సూసారా! రాత్రంతా సుక్క తాగకపోయినా దమయంతిది ముత్యమే!” అని ఎవరో అనగానే చప్పట్లు కొట్టారు. దమయంతి సిగ్గుపడింది. నేను కూడా రెండు చప్పట్లు కొట్టి, చెయ్యి అలాగే ఆపేశాను.

తాగని మనిషికి తెల్లగా ఎందుకు వస్తుంది? ఒంట్లో నీళ్ళు తగ్గితే కిడ్నీ నీళ్ళని దాచుకోవాలి, చెత్తని చిక్కగా పంపాలి. మా అందరివీ ఆ పని చేశాయి. దానివి చెయ్యలేదు.

సముద్రపు నీళ్ళు ఎండగట్టి ఉప్పు తీసేవాళ్ళ దగ్గర ఒక తేలుగాజు ఉంటుంది. ఉప్పునీరు ఎంత చిక్కగా ఉంటే గాజు అంత పైకి తేలుతుంది. అది తెచ్చి ఒక్కో సీసాలో దించాను. నా దాంట్లో మెడదాకా తేలింది. తాతదాంట్లో, నీలవేణిదాంట్లో తేలింది. దమయంతి దాంట్లో, ఉత్త మంచినీళ్ళల్లో మునిగినట్టు, మునిగిపోయింది. తర్వాత అందరూ పోయాక ఒక్కోటీ కాచాను. దానిదే తెల్లగా విరిగింది.



9 రోజులు

నిన్నంతా ఒకటే ఆలోచన. ఆరేళ్ళుగా దాన్ని చూసి కుళ్ళుకున్నదాన్ని నేను. ఇప్పుడు దానికే జబ్బుందని నా చేత్తో నేనే కనిపెట్టాను. నా కళ్ళు నాకు కావలసిందే చూశాయేమో?

నిన్నటి సీసాల్లో సగం సగం దాచాను. జగ్గయ్యని పిలిచి, ఒకే రకం రేకు గ్లాసుల్లో పొయ్యమన్నాను, ఏది ఎవరిదో నాకు చెప్పకుండా గ్లాసు అడుగున గుర్తు పెట్టుకోమన్నాను. రేకు గ్లాసులో రంగు ఆనకుండా పైన పొడి నాచు చల్లమన్నాను. ఎందుకని వాడు అడగలేదు. చిన్నప్పటి నుంచీ నా పిచ్చి వాడికి అలవాటే.

నేను తేలుగాజు మాత్రమే చూసి ఒక గ్లాసు పక్కకి తీశాను. వాడు చోట్లు మార్చాడు. మళ్ళీ తీశాను. మూడోసారి కూడా తీశాక, “అన్నిసార్లూ అదే తీసినావక్కా, బాగుంది నీ గారడీ,” అని నవ్వుతూ గ్లాసు ఎత్తి, ఆ గుర్తు ఎవరిదా అని తను రాసుకున్న చీటీలో చూసుకున్నాడు.

వాడి నవ్వు పోయింది. “మా దమయంతిది కదా ఇది. ఇది మంచిదా, సెడ్డదా?”

నేను తేలుగాజు తుడిచి పక్కన పెట్టాను. వాడు గ్లాసు బల్ల మీద పెట్టి, చెయ్యి మాత్రం తియ్యలేదు.

8 రోజులు

దమయంతికి చెప్పాను. వినేదాకా విని, ఒక్కటే అంది: “నా నీల్లు సూసి ఓర్వలేకపోనావు కదా వదినా. ఆరేళ్ళ నుంచీ నాకు తెలుసు.”

అబద్ధం కాదు కాబట్టి కాదని అనలేకపోయాను. “ఓర్వలేకపోయింది నిజమే. ఇదీ నిజమేనే,” అన్నాను. తలుపు వేసుకుంది.

డాక్టరమ్మకి రేడియోలో చెప్తే ఆమె ముందు నన్ను తిట్టింది. “నన్ను అడక్కుండా రాత్రంతా నీళ్ళు మాన్పించారా? కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళని ఎండబెడితే ఇంకా దెబ్బతింటుంది. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి.” చెంప మీద కొట్టినట్టయింది. తర్వాత మెల్లగా, “కానీ మీరు పట్టుకున్నది సరైనదే. నీళ్ళని దాచుకోలేని కిడ్నీ అలాగే ఉంటుంది. మంచినీళ్ళలా,” అంది.

“అయితే తీసికెల్తారా?”

“దీపం పచ్చగా ఉన్న మనిషికి లాంచీలో మంచం రాయకూడదు. రక్తం చూస్తే రాయొచ్చు. ఆమె ఇస్తుందా?”

5 రోజులు

రంగు: లేత. వాసన: మామూలే. నురగ: మూడు వేళ్ళు.

దమయంతి నాతో మాట్లాడదు. పొద్దున రెండు చెంబులు తాగి, అద్దం దగ్గర నాకు కనపడేలా నిలబడి పోసింది. పచ్చ వెలిగింది. నాకేసి చూసి లోపలికి పోయింది. జగ్గయ్య ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాడు. బతిమాలానంటాడు, వినలేదంటాడు.

ఈ ఊరి కోసం పదహారేళ్ళు ఉచ్చ కలిపాను, ఒక్క మనిషిని కదపలేకపోతున్నాను.

లాంచీ వచ్చిన రోజు

డాక్టరమ్మ దిగగానే నేరుగా దమయంతి ఇంటికి తీసుకుపోయాను. తలుపు తీస్తుందని అనుకోలేదు. తీసింది. ఈతసూటు వేసుకుని ఉంది, పనికి పోబోతోంది. దాని ముందు జగ్గయ్య గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. “రక్తం ఇచ్చే దాకా నన్ను దాటుకుని దిగడానికి నేదు,” అన్నాడు. మా తమ్ముడు ఇంత మాట అన్న రోజు నాకు గుర్తు లేదు.

“వేలికొన మీద ఒక్క గుచ్చు,” అంది డాక్టరమ్మ. “బాగుందని తేలితే, మీ వదినగారి చేత అందరి ముందూ క్షమాపణ చెప్పిస్తాను.”

దమయంతి వేలు చాపింది. ఆ క్షమాపణ కోసమే చాపిందని నాకు తెలుసు.

రక్తం లాంచీలో దాన్ని పరీక్షించే పెట్టెకి పోయింది. గంటసేపు పట్టింది. ఈలోపు డాక్టరమ్మ ఊరికే కూర్చోకుండా మెల్లగా అడుగుతూ పోయింది. ఎన్నేళ్ళుగా దిగుతున్నారు? భుజాలు నొప్పి పుట్టవా? నొప్పి మాత్ర వేసుకుంటారా? రోజుకి ఎన్ని?

“దిగేముందు రెండు, ఎక్కినాక ఒకటి,” అంది దమయంతి.

“ఎన్నాళ్ళ నుంచి?”

“నాలుగేళ్ళు. కొట్టులో ఊరికే ఇత్తారు. మా పనోళ్ళందరూ ఏసుకుంటారు.”

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది. అన్నం సహిస్తోందా అని అడిగింది. దమయంతి జగ్గయ్య వంక చూసి, “ఏడాదిగా అన్నం వాసన పడడం నేదు,” అంది. వాడు తల తిప్పి, “నాకు సెప్పలేదేటే?” అన్నాడు.

క్రియాటినిన్ మూడు పాయింట్ ఒకటి వచ్చింది. కిడ్నీ తీసెయ్యాల్సిన చెత్త లెక్క అది, ఒకటి దాటకూడదట.

“నొప్పి మాత్రలే అయి ఉంటాయి,” అంది డాక్టరమ్మ. “ఇంత రోజూ, ఇన్నేళ్ళు వేసుకుంటే కొందరి కిడ్నీలు వాచి పాడవుతాయి. ఇవాళ్టి నుంచి ఒక్కటి కూడా వద్దు. గట్టుకి వచ్చి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఎంత తిరిగి వస్తుందో ఇప్పుడే చెప్పలేను.” అప్పటికప్పుడు మంచం రాసేసింది. కొట్టులో ఉన్న నొప్పి మాత్రల డబ్బాలన్నీ లాంచీలోకి ఎక్కించింది. మిగతా పనివాళ్ళ రక్తం కూడా తీసింది.

నేను లాంచీ నిచ్చెన దాకా వెళ్ళాను. దమయంతి రెండు మెట్లు ఎక్కి ఆగింది.

“నీకు ఎప్పుడు తెలిసింది వదినా?”

“పది రోజులైంది.”

“నాకు ఏడాదైంది,” అంది. “పాదాలు వాసేవి. లోపలేదో తేడాగా ఉండేది. పొద్దున్న దీపం పచ్చగా ఎలిగితే, దానికి తెలీదేటి, నాదే భ్రమ అనుకునేదాన్ని. నా ఒంటిని నానే నమ్మలేదు. నువ్వు సెప్తే మాత్రం ఎలా నమ్ముతాను?”

ఆరేళ్ళుగా దాన్ని చూస్తున్నాను. అద్దం తప్ప మనిషిని చూడలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అది మెట్లు దిగి వచ్చి నా చెంపలు తుడిచి మళ్ళీ ఎక్కింది.

లాంచీ పోయాక 6వ రోజు

దీపాలన్నిటికీ గోనెగుడ్డలు కట్టాం. తాగకుండా పొయ్యాలా, తాగి పొయ్యాలా, గట్టువాళ్ళు యంత్రాన్ని సరిదిద్దేదాకా ఎలా చూడాలి అని మూడు పూటలు కొట్లాడుకున్నారు. చివరికి డాక్టరమ్మ రేడియోలో, పొద్దున మొదటిది తాగకుండానే పొయ్యండి, రాత్రి మాత్రం దాహం వేస్తే తాగండి అని తేల్చింది. అసిరయ్య తాత సీసా పట్టుకుని తిరుగుతున్నాడు, తనదే అందరికంటే ముదురని.

నేను వరుస వెంట తిరిగి ఒక్కొక్కర్నీ ఒంట్లో ఎలా ఉందని అడుగుతున్నాను. మొదట్లో అందరూ అలవాటుగా గోనెగుడ్డ కేసి చూసేవారు. ఇప్పుడు కాస్త ఆలోచించి చెప్తున్నారు. డాక్టరమ్మ తీసిన రక్తాల్లో ఇద్దరు పనివాళ్ళకి ఎక్కువ వచ్చింది, మరీ ఎక్కువ కాదు. నొప్పి మాత్రలు మానేశారు. సాయంత్రం భుజాలకి కాపడం పెట్టుకుంటున్నారు, మూలుగుతున్నారు.

జగ్గయ్య రోజూ నాతో వచ్చి తొట్టి దగ్గర కూర్చుంటాడు. కర్ర అందిస్తాడు. కలిపితే ఇప్పుడు నాలుగు బుడగలే లేచి చచ్చిపోతున్నాయి.

లాంచీ పోయాక 23వ రోజు

గట్టు నుంచి రేడియో. ముందు డాక్టరమ్మ. ముక్క తీసి చూశారట. వాపు ఎక్కువ, మచ్చ కట్టింది తక్కువ. మాత్రలు మానేశాక వాపు తగ్గుతోంది. మూడు పాయింట్ ఒకటి ఇవాళ ఒకటి పాయింట్ ఎనిమిదికి దిగింది. మొత్తం రాకపోవచ్చు గానీ, రక్తం కడిగే మిషను అవసరం పడదంది. జగ్గయ్య గొంతుక్కూచుని బావురుమన్నాడు. నేను వాడి వీపు మీద కొట్టి, విననివ్వరా అన్నాను.

తర్వాత దమయంతి. హోరులో గొంతు సన్నగా వచ్చింది.

“వదినా.”

“సెప్పవే.”

“ఆకలేత్తంది.”

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను. మళ్ళీ చెప్పమన్నాను.

“ఆకలేత్తంది వదినా! పొద్దున్నుంచీ ఆకలేత్తంది. ఇక్కడోళ్ళు ఉప్పు లేకుండా పెడతన్నారు, అయినా ఊడ్చుకు తినేత్తన్నాను.”

“ఏటి తినాలనుందే?” అన్నాను.

చెప్పడం మొదలుపెట్టింది. మెత్తళ్ళ పులుసు, గంజన్నంలో ఉల్లిపాయ, జగ్గయ్య మాడబెట్టే అట్టు, ఎప్పుడో పెళ్ళిలో తిన్న జీడిపప్పు కూర. డాక్టరమ్మ వెనక నుంచి అది వద్దు, ఇది వద్దు అంటోంది. అది ఆపలేదు. మాకిచ్చిన అయిదు నిమిషాలూ అయిపోయేదాకా చెప్తూనే ఉంది.